జాతీయ జట్టు వెంట విదేశానికి: ఏ స్టాండ్, ఏ బస, ఏ దారి ఎంచుకోవాలి?

వేరే దేశంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి బయల్దేరేవాళ్ళు మొదట అడిగేది "ఆ దేశం సురక్షితమేనా?" అని. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుతో పెద్దగా పని జరగదు. శాంతిభద్రతలకి పేరుపడ్డ ఊళ్ళో స్టేడియం గేటు దగ్గర ఊపిరాడని పరిస్థితి రావచ్చు. పేరు చెడ్డ ఊళ్ళో వేలమంది హాయిగా మ్యాచ్ చూసి తిరిగి రావచ్చు. అభిమానికి ఎదురయ్యే ప్రమాదంలో ఎక్కువ భాగం నాలుగు గంటల్లో ఉంటుంది: కిక్కాఫ్‌కి, అంటే ఆట మొదలవడానికి, ముందు రెండు, చివరి విజిల్ తరవాత రెండు. ఆ గంటల్లో మీరు ఏ గేటు దగ్గర, ఏ గుంపులో, ఏ స్టేషన్ ముందు ఉంటారన్నది టికెట్, బస, ప్రయాణం కొన్న రోజే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఎంచుకోవలసిన విషయాలను ఆ వరసలోనే చూద్దాం.

క్వాలిఫయరా, టోర్నమెంటా?

ప్రపంచకప్‌కి గానీ యూరోకి (యూరప్ జాతీయ జట్ల కప్‌కి) గానీ వెళ్ళడం పెద్ద సాహసమనీ, అలాంటి టోర్నమెంట్‌లో చోటు కోసం ఆడే ఒక్క రాత్రి క్వాలిఫయర్‌కి వెళ్ళి రావడం చిన్న పనీ అనుకుంటారు. భద్రత లెక్కలో ఇది తరచూ తిరగబడుతుంది. టోర్నమెంట్‌కి ఆతిథ్య దేశం ఏళ్ళ తరబడి సిద్ధమవుతుంది. పెద్ద తెరలతో ఫ్యాన్ జోన్లు, అదనపు రైళ్ళు, పలు భాషల్లో సూచిక బోర్డులు ఉంటాయి. పాల్గొనే దేశాల నుంచి వాళ్ళ అభిమానుల తీరు తెలిసిన పోలీసులు కూడా వస్తారు. క్వాలిఫయర్ అలా కాదు. పాత స్టేడియం, వారం మధ్యలో రాత్రి మ్యాచ్, రెండు జట్లకీ చావోరేవో అన్న పరిస్థితి, బయటి దేశం నుంచి వచ్చిన అవతలి అభిమానుల కోసం కేటాయించిన ఒకే ఒక ఇరుకు గేటు.

1996 అక్టోబరులో గ్వాటెమాలా సిటీలో గ్వాటెమాలా, కోస్టారికా మ్యాచ్‌కి ముందు స్టాండ్‌లో కిక్కిరిసి 80 మందికి పైగా చనిపోయారు. 2009 మార్చిలో అబిజాన్‌లో ఐవరీకోస్ట్, మలావీ మ్యాచ్ దగ్గర 19 మంది పోయారు. రెండూ ప్రపంచకప్ క్వాలిఫయర్లే. పోయినవాళ్ళని చంపింది ప్రత్యర్థి అభిమానులు కాదు, పట్టనంత జనం.

అయితే టోర్నమెంట్‌కి దాని చిక్కులు దానికున్నాయి. నెలరోజుల మకాంలో అలసట, తాగుడు, నిర్లక్ష్యం పేరుకుంటాయి. ఊరు మారిన ప్రతిసారీ కొత్త దారులు నేర్చుకోవాలి. 2026 ప్రపంచకప్‌లాగా మూడు దేశాల్లో జరిగితే ప్రవేశ నియమాలు కూడా మూడు రకాలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మా సలహా టోర్నమెంట్ గ్రూప్ దశ మ్యాచ్. నాకౌట్ కన్నా ఉద్రిక్తత తక్కువ, ఏర్పాట్లు ఎక్కువ.

టికెట్ ఏ స్టాండ్‌లో?

అన్నిటికన్నా బరువైన నిర్ణయం ఇదే. ధర చూసి తీసుకునేది కాదు.

మీ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ద్వారా దొరికే టికెట్ అవతలి జట్టు, అంటే బయటి నుంచి వచ్చిన మన జట్టు, అభిమానుల సెక్షన్‌లో ఉంటుంది. యూరప్ పోటీల్లో స్టేడియం సామర్థ్యంలో కనీసం 5 శాతం ఇలా విడిగా ఇవ్వాలన్న నియమం ఉంది. చుట్టూ మనవాళ్ళే ఉంటారు. మధ్యలో ఖాళీ వరసలు గానీ కంచె గానీ, స్టీవార్డులు (జనాన్ని చూసుకునే స్టేడియం సిబ్బంది), విడి గేటు, విడి దారి ఉంటాయి. దీనికి చెల్లించే మూల్యం స్వేచ్ఛ. పోలీసులు మిమ్మల్ని ఒక్కొక్కరిగా చూడరు, ఒక గుంపుగా చూస్తారు. ఎవడో ఒకడు సీసా విసిరితే లాఠీ అందరి మీదా పడుతుంది. మ్యాచ్ అయ్యాక ఆతిథ్య అభిమానులు ఖాళీ అయ్యేదాకా అరగంట నుంచి గంట వరకు లోపలే నిలబెడతారు.

ఆతిథ్య జట్టు స్టాండ్‌లో టికెట్ కొనడం పైకి తేలికగా కనిపిస్తుంది. వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు. కానీ చాలా స్టేడియాల టికెట్ షరతుల్లో, ఆ స్టాండ్‌లో అవతలి జట్టు రంగులు వేసుకున్నా, గోల్ పడ్డప్పుడు ఎగిరినా బయటికి పంపేయవచ్చని రాసి ఉంటుంది. బయటికి పంపడం ఒకరకంగా మేలే, ఎందుకంటే లోపల ఉంటే పక్కవాళ్ళతో పేచీ. తొంభై నిమిషాలు నోరు కట్టుకుని కూర్చోగలనా అని నిజాయితీగా ప్రశ్నించుకోండి. మన జట్టు 90వ నిమిషంలో స్కోరు సమం చేస్తే ఏం చేస్తారో అదే అసలు పరీక్ష. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ దారి తొక్కవద్దు, వాళ్ళ నోరు ఆపడం మీ తరం కాదు.

టోర్నమెంట్లలో మూడో రకం ఉంది. ఏ జట్టుకీ చెందని తటస్థ సీట్లు. కుటుంబాలకి, నెమ్మదిగా ఆట చూసేవాళ్ళకి ఇవే మంచివి. ఒక్క జాగ్రత్త: రెండు సెక్షన్లు కలిసే హద్దు పక్కన సీటు తీసుకోకండి. 2016 జూన్ 11న ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఇంగ్లండ్, రష్యా యూరో మ్యాచ్ 1-1తో ముగియగానే రష్యా వైపు నుంచి కొందరు పక్క సెక్షన్‌లోకి దూసుకొచ్చారు. మధ్యలో గట్టి అడ్డు లేదు. దెబ్బలు తిన్నవాళ్ళు హద్దుకి దగ్గరగా ఉన్నవాళ్ళే. సీటింగ్ మ్యాప్‌లో మీ బ్లాక్‌కీ ప్రత్యర్థి జట్టు బ్లాక్‌కీ మధ్య కనీసం రెండు బ్లాకులు ఉండేలా చూసుకోండి. బయటికి దారితీసే మెట్లకి దగ్గరి వరస దొరికితే మరీ మంచిది.

ఇక టికెట్ లేకుండా వెళ్ళి అక్కడ ఎవరి దగ్గరైనా కొందామనుకోవడం. ఇది ఎంపిక కాదు, జూదం. పెద్ద మ్యాచ్‌ల టికెట్లు ఇప్పుడు ఫోన్ యాప్‌లోనే ఉంటాయి. కొన్నిటిలో స్టేడియం దగ్గరికి వచ్చాక బ్లూటూత్ తగిలితేనే క్యూఆర్ కోడ్ కనబడుతుంది. అందుకే ఎవరైనా స్క్రీన్‌షాట్ అమ్మితే అది కాగితం ముక్కకి కూడా సాటిరాదు. ఇటలీ లాంటి చోట టికెట్ మీద పేరుంటుంది, గేటు దగ్గర గుర్తింపు పత్రంతో పోల్చి చూస్తారు. డబ్బు పోవడం ఒక నష్టమైతే, టికెట్ లేనివాళ్ళు గేటు దగ్గర పేరుకోవడం టికెట్ ఉన్నవాళ్ళకి ప్రాణాంతకం. 2021 జూలై 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో యూరో ఫైనల్ రోజున టికెట్ లేనివాళ్ళు దాదాపు రెండువేల మంది లోపలికి చొరబడ్డారు. వికలాంగుల కోసం తెరిచిన గేట్ల మీద కూడా పడ్డారు. మీకు వీల్‌చైర్ దారి అవసరమైతే మ్యాచ్ ఎంత పెద్దదైతే అంత ముందుగా, గేట్లు తీసే వేళకే లోపలికి వెళ్ళిపోండి.

అభిమాన సంఘంతోనా, సొంతంగానా?

సంఘం బస్సులో వెళితే పోలీసు కాన్వాయ్ స్టేడియం వెనక గేటు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ అక్కడినుంచే ఎక్కించుకుంటుంది. ఎదురు అభిమానులు ఎక్కువ దూకుడుగా ఉండే ఊళ్ళలో దీన్ని మించినది లేదు. కానీ బస్సు ఆలస్యమైతే వెయ్యిమంది ఒకేసారి ఒకే గేటు ముందు దిగుతారు. బస్సు కదిలే వేళకి మీరు లేకపోతే వదిలేసి పోతుంది. ఆ రాత్రి మీ రంగుల్లో మీరొక్కరే మిగులుతారు.

సొంతంగా వెళ్ళేవాళ్ళు ముందుగా వెళ్ళి, ముందుగా లోపల కూర్చోవచ్చు. మామూలు ప్రయాణికుల్లో కలిసిపోవచ్చు. సెక్షన్ టికెట్ మాత్రం సంఘం ద్వారా తీసుకుని, స్టేడియం దాకా సొంతంగా వెళ్ళడం అన్నది రెండిటి మధ్య దారి. ఊరు ప్రశాంతమైనదైతే మా మొగ్గు దానికే. అయితే ఒకటి ముందు తెలుసుకోవాలి. కొన్ని మ్యాచ్‌లకి అవతలి అభిమానులు కాన్వాయ్‌లోనే రావాలని, టికెట్‌ని ఊళ్ళో ఒకచోట చూపించి మార్చుకోవాలని పోలీసులు షరతు పెడతారు. అలాంటప్పుడు సొంత దారి లేదు.

బస ఎక్కడ?

స్టేడియం పక్కన గది దొరికితే అదృష్టం అనుకుంటారు. నడిచి వెళ్ళవచ్చన్నది నిజమే. కానీ మ్యాచ్ రోజు ఆ చుట్టుపక్కల వీధులన్నీ కట్టేస్తారు, టాక్సీ రాదు. కిటికీ కిందే అల్లరి. గొడవ జరిగితే మీరు ఇంట్లో ఉన్నా దాని మధ్యలోనే ఉన్నట్టు.

ఊరి నడిబొడ్డున, ప్రధాన కూడలికో పాత రేవుకో దగ్గర ఉండడం రెండో మాట. సందడి అక్కడే ఉంటుంది, గొడవ కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు కూడా అక్కడికే వస్తారు. మార్సెయ్‌లో ఘర్షణలు మ్యాచ్ రోజున మొదలవలేదు. అంతకు ముందు రోజుల నుంచే పాత రేవు దగ్గరి బార్ల ముందు సాగాయి. బయట వేసిన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి పారిపోవడానికి ఒకే దిక్కు ఉంటుంది. కూడలికి వెళ్ళండి, పాటలు పాడండి, చీకటి పడేముందు పక్క వీధికి మారండి.

మా ఓటు మూడోదానికి: స్టేడియంకి వెళ్ళే రైలు మార్గం మీదే, ఊరి మధ్యకి అవతలి వైపున, రెండుమూడు స్టేషన్ల దూరంలో బస. బుక్ చేసేముందు రెండు చూడండి. ఆ మార్గంలో చివరి రైలు ఎన్నింటికి? రైలు లేకపోతే నడవగల దూరమేనా? ఐదు కిలోమీటర్లంటే తీరిగ్గా గంటా పావు నడక, వెలుగున్న పెద్ద రోడ్డు ఉంటే ఫర్వాలేదు. పన్నెండు కిలోమీటర్లయితే అది నడక కాదు. మ్యాచ్ అయిన రాత్రే విమానం పట్టుకునే ప్యాకేజీ చౌకగా కనిపిస్తుంది గానీ, లోపల గంట నిలబెట్టడం, ఎక్స్‌ట్రా టైం, పెనాల్టీలు కలిస్తే చివరి విజిల్ అనుకున్నదానికన్నా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. ఆ హడావుడిలోనే జనం తప్పు దారుల్లో పరిగెడతారు.

గేటు దగ్గరికి ఎప్పుడు?

ఇక్కడ చిన్న లెక్క వేసుకుందాం. బ్రిటన్ స్టేడియం భద్రతా మార్గదర్శకాల ప్రకారం ఒక టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు) గుండా గంటకి గరిష్ఠంగా 660 మంది వెళ్ళగలరని లెక్కిస్తారు. మీ సెక్షన్ 3,000 మందిదీ, ఇచ్చిన టర్న్‌స్టైళ్ళు నాలుగూ అనుకోండి. గంటకి 2,640 మంది. అందరూ కిక్కాఫ్‌కి ముప్పావుగంట ముందు వస్తే, ఆట మొదలయ్యే వేళకి 1,980 మంది లోపల, వెయ్యికి పైగా బయట. ఒళ్ళు తడిమి చూసే తనిఖీ ఉంటే ఇంకా తక్కువ. జాతీయగీతం వినబడగానే వెనకవాళ్ళు తోస్తారు, ముందువాళ్ళకి కదిలే చోటుండదు. కాబట్టి రెండు గంటలు ముందు వెళ్ళడం అన్నది క్రమశిక్షణ కోసం కాదు, గుంపు పేరుకోక ముందే దాటిపోవడానికి.

దారి కూడా గేటంత ముఖ్యం. 2022 మే 28న పారిస్ శివార్లలో జరిగిన క్లబ్ ఫైనల్ నేర్పిన పాఠం జాతీయ జట్లకీ వర్తిస్తుంది. ఒక రైలు మార్గంలో సమ్మె వల్ల వేలమంది ఇంకో మార్గంలో దిగారు. అక్కడినుంచి స్టేడియంకి దారి రహదారి వంతెన కింద ఇరుకుగా ఉంది, దాని దగ్గరే టికెట్ తనిఖీ పెట్టారు. తరవాత తోపులాట, బాష్పవాయువు, అరగంటకి పైగా ఆలస్యమైన ఆట. సమ్మె గానీ మార్గం మార్పు గానీ ఉందని తెలిస్తే, ఇంకో గంట ముందు వెళ్ళండి.

తొక్కిసలాట అన్న మాటే మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. చాలామంది పోయేది కాళ్ళ కింద పడి కాదు, నిలబడే. ఛాతీ నొక్కుకుపోయి ఊపిరి తీసుకోలేక. చదరపు మీటరుకి ఐదుగురు దాటితే అది హెచ్చరిక, ఏడుగురికి చేరితే గుంపు నీటిలా అలలుగా ఊగుతుంది, మీ కాళ్ళ మాట మీ ఒళ్ళు వినదు. కొలవడానికి తేలిక గుర్తు: నాలుగు వైపులా భుజాలు ఒకేసారి తగులుతున్నాయా, చెయ్యెత్తి ముఖం తాకగలరా? తాకలేకపోతే అప్పటికే ఆలస్యమైంది. అంతకుముందే పక్కకి తప్పుకోవాలి. చిక్కుకుపోతే రెండు చేతులు ఛాతీ ముందు మడిచి, ఊపిరికి కాస్త జాగా మిగుల్చుకోండి. తోపుకి ఎదురు నెట్టకండి. అల కొంచెం సద్దుమణిగినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు కదలండి. గోడకీ కంచెకీ ఆనుకోకండి. ఫోన్ పడిపోతే వంగకండి. అరుపులకి ఊపిరి ఖర్చు చేయకండి. గేటు మూసి ఉందని తెలియక వెనకవాళ్ళు వస్తూనే ఉంటారు. 2022 జనవరి 24న కామెరూన్‌లో ఒలెంబే స్టేడియం దక్షిణ గేటు దగ్గర ఎనిమిది మంది చనిపోయినప్పుడు జనం వెళ్ళింది తీసి ఉండవలసిన, కానీ మూసి ఉన్న గేటు వైపు.

బాష్పవాయువు వదిలితే గాలికి ఎదురుగా, ఎత్తైన చోటికి వెళ్ళండి. కళ్ళు నలపకుండా పది నిమిషాలు మంచినీళ్ళతో కడగండి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు ఆ రోజుకి కళ్ళజోడు పెట్టుకోవడం మేలు. వాయువు వచ్చినప్పుడు అందరూ ఒకే మెట్ల వైపు పరిగెడతారు, అది వాయువు కన్నా ప్రమాదం. ఇండోనేషియాలో కంజురుహాన్‌లో 2022 అక్టోబర్ 1న 135 మంది పోవడానికి కారణం అదే. స్టాండ్‌లో కూర్చోగానే మీరు వచ్చిన దారి కాక ఇంకో దారి ఎటుందో చూసి పెట్టుకోండి. పక్కనెవరైనా ఫ్లేర్ (రంగు మంటతో మండే కడ్డీ) వెలిగిస్తే దూరం జరగండి. దాని వేడి వెయ్యి డిగ్రీలకి పైనే, సింథటిక్ స్కార్ఫ్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

విజిల్ తరవాత

వెంటనే పరిగెత్తడమా, ఆగడమా? రైలు ఒక్కోటి వెయ్యిమందిని, పది నిమిషాలకొకటి తీసుకెళుతుందనుకుంటే గంటకి ఆరువేలు. ముప్పై వేలమంది రైలుకే వస్తే ఐదు గంటలు. 2024 యూరోలో జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో ఇంగ్లండ్, సెర్బియా మ్యాచ్ తరవాత అభిమానులు ట్రాముల కోసం ఎంతోసేపు పడిగాపులు పడ్డారు. కాబట్టి చివరి రైలు గంటన్నర తరవాత ఉంటే స్టేడియంలో కూర్చోండి. ముందే ఉంటే పక్క స్టేషన్‌కి నడవండి, అక్కడ ఎక్కేవాళ్ళు తక్కువ. టాక్సీ కావాలంటే కట్టేసిన వీధులు దాటి కిలోమీటరున్నర నడిచాకే పిలవండి. గేటు ముందు "టాక్సీ, టాక్సీ" అని పలకరించే కారు మాత్రం వద్దు.

జెర్సీ విషయం ఇక్కడే తేల్చుకోవాలి. స్టేడియంలో వేసుకోండి, దారిలో మీద మామూలు జాకెట్ జిప్ వేసుకోండి. 2023 అక్టోబర్ 16న బ్రస్సెల్స్‌లో బెల్జియం, స్వీడన్ మ్యాచ్ రాత్రి, స్టేడియంకి దూరంగా ఊళ్ళో స్వీడన్ జెర్సీలు వేసుకున్న ఇద్దరిని ఒక దుండగుడు కాల్చి చంపాడు. మ్యాచ్ విరామం దగ్గరే ఆగిపోయింది. జనాన్ని చాలాసేపు లోపలే ఉంచారు. అలా ఉంచినప్పుడు స్టేడియమే భద్రమైన చోటు, బయటికి పోవడానికి గొడవ పడకండి.

సంచీలోకి, జేబులోకి

సంచీ ఏ4 కాగితం సైజుకి మించకూడదన్న నియమం యూరప్‌లో మామూలు. కొన్ని దేశాల్లో పారదర్శకమైన సంచీ అయితేనే రానిస్తారు. స్టేడియం దగ్గర లాకర్లు ఉంటాయన్న నమ్మకంతో పెద్ద సంచీ తీసుకెళ్ళకండి. పవర్‌బ్యాంక్ విమానంలో చేతి సామానులోనే, 100 వాట్-అవర్ లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74, అది చెల్లుతుంది. గేటు దగ్గర పెద్ద పవర్‌బ్యాంక్ ఆపేస్తారు, చిన్నది తీసుకెళ్ళండి. టికెట్ ఫోన్‌లోనే ఉంది కాబట్టి ఛార్జ్ అయిపోతే మీరు టికెట్ లేనివాళ్ళ కింద లెక్క.

రోమింగా, ఈ-సిమ్మా అన్న చర్చ ధర గురించి. స్టేడియంలో యాభై వేల ఫోన్ల మధ్య డేటా ఏదీ సరిగా నడవదు. మ్యాప్ ముందే దించుకోండి. తప్పిపోతే కలిసే చోటు, వేళ మాటల్లో నిర్ణయించుకోండి. ఎస్సెమ్మెస్ డేటా కన్నా తేలికగా పోతుంది. యూరప్ అంతటా అత్యవసర నంబరు 112. హోటల్ చిరునామా స్థానిక లిపిలో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి.

మందులు చెప్పాపెట్టకుండా తీసుకెళ్ళకండి. జపాన్‌లో సూడోఎఫెడ్రిన్ పాలు ఎక్కువున్న జలుబు మందులు, గల్ఫ్ దేశాల్లో ట్రమడాల్, కోడీన్ లాంటివి నిషేధం గానీ, అనుమతితో మాత్రమే గానీ. తాగుడు నియమాలు చివరి ఘడియలో కూడా మారతాయి, 2022లో ఖతర్‌లో ప్రారంభ మ్యాచ్‌కి రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీరు అమ్మకం ఆపేశారు.

బీమాల్లో చౌకైనదానికీ ఖరీదైనదానికీ తేడా ఎక్కువగా మొత్తంలో ఉండదు, మినహాయింపుల్లో ఉంటుంది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. అది మొదటి మెట్టు మాత్రమే. మద్యం తాగి ఉండగా జరిగిన గాయం, మీ ప్రభుత్వం వెళ్ళవద్దన్న ప్రాంతంలో జరిగినది, అల్లర్లలో తగిలిన దెబ్బ, ఈ మూడు మినహాయింపులు చదివాకే కొనండి. మ్యాచ్ వాయిదా పడితే విమానం డబ్బు ఇచ్చేవి అరుదు. వాయిదాకి గది, టికెట్ మార్చుకునే వీలున్న ధరకే తీసుకోండి.

ఇక ఏది ఎవరికి? పిల్లలతోనో పెద్దవాళ్ళతోనో అయితే టోర్నమెంట్ గ్రూప్ మ్యాచ్, తటస్థ సీటు, రైలు మార్గం మీద బస. ఒంటరిగా మొదటిసారైతే సంఘం ద్వారా సెక్షన్ టికెట్. అనుభవం ఉన్న ముగ్గురు నలుగురైతే సొంత ప్రయాణం, సెక్షన్ టికెట్. పాత గొడవలున్న రెండు దేశాల మధ్య చావోరేవో క్వాలిఫయర్‌కి అధికారిక టికెట్ దొరకలేదా, ఆ ఊరికి విమానమే ఎక్కకండి. టికెట్ దొరికినా, మ్యాచ్‌కి మూడు రోజుల ముందు మీ విదేశాంగ శాఖ సూచన మరోసారి చూడండి. అది "వెళ్ళవద్దు" అని మారితే బీమా ఆ రోజు నుంచే చెల్లకపోవచ్చు.